నిబ్బరం బిళ్ళ

ఓదెలు పదకొండు గంటలు బండ కింద ఉన్నాడు. బయటికి తీసేసరికి కాళ్ళూ చేతులూ సరిగానే ఉన్నాయి. ఒక పక్కటెముక విరిగితే అది నలభై రోజుల్లో అతుక్కుంది. అతుక్కోనిది వేరే ఉంది. రెండేళ్ళు గడిచినా అతను గని మొహం చూడలేకపోయాడు. గని దాకా ఎందుకు, ఇంట్లో స్నానానికి పోయి తలుపు వేసుకోలేకపోయేవాడు. కుక్కర్ కూత పెడితే గోడకు కరుచుకుపోయేవాడు. బస్సెక్కితే తలుపు దగ్గరే కమ్మీ పట్టుకుని నిలబడి, మూడో స్టాపు రాకముందే దిగి మిగిలిన దారంతా నడిచేవాడు.

అతని భార్య స్వరూప అదే నల్లమట్ల ఏడో గనిలో సర్దార్. ఆ గనిలో ఆ పనికి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమె. షిఫ్టు దిగకముందే లోపలికి పోయి, చివర ఇనుప పొన్ను ఉన్న కర్రతో కప్పును అడుగడుగునా తట్టి చూడడం ఆమె పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. పైన బండ విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఖంగుమంటే పుస్తకంలో సంతకం పెట్టి మనుషులను పంపాలి. డొల్లగా పలికితే ఆపాలి. సర్దార్ ఆపిన చోటికి మేనేజరైనా మనిషిని పంపకూడదని చట్టం.

ఓదెలు మీద కప్పు కూలిన రోజు డ్యూటీ ఆమెది కాదు. అయినా రెండేళ్ళుగా అతని మొహం చూసినప్పుడల్లా ఆమెకు ఆ రోజు పుస్తకంలో వేరే సర్దార్ పెట్టిన సంతకమే గుర్తొచ్చేది.

డాక్టర్ నిరుపమ ఆ ఊరికి వచ్చింది ఇలాంటి వాళ్ళ కోసమే. కాకినాడ మనిషి. నరాల మీద పదిహేనేళ్ళు పరిశోధన చేసింది. కంపెనీ ఆసుపత్రి వెనుక పాత మందుల గోదామును ప్రయోగశాలగా మార్చుకుని, బండ కింద నుంచి బతికి బయటపడ్డ ఏడుగురిని ఒక్కొక్కరినే పిలిపించి మాట్లాడేది. ఓదెలుతో తొమ్మిది సార్లు మాట్లాడింది. తొమ్మిదోసారి స్వరూపను కూడా రమ్మంది.

గది మధ్యలో మనిషి పట్టేంత ఇనుప పెట్టె ఉంది. దానికి తలుపు ఉంది. దాన్ని చూడగానే ఓదెలు గుమ్మంలోనే ఆగిపోయాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"బలవంతం లేదు ఓదెలు గారూ," అంది నిరుపమ. "ముందు ఇది పెట్టుకుని చూడండి. వద్దనిపిస్తే తీసేద్దాం."

ఆమె చేతిలో చింతగింజంత బిళ్ళ ఉంది. దాన్ని అతని చెవి వెనుక, ఎముక మీద అతికించింది.

"భయం మనకు తెలియకముందే ఒంటికి తెలుస్తుంది," అని స్వరూపకు చెప్పింది, బిళ్ళను వేలితో అదిమి పట్టుకుంటూ. "ముందు గుండె అదురుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఆ తర్వాతే మనం భయపడ్డామని మనకు తెలుస్తుంది. ఆ మొదటి అదురును ఈ బిళ్ళ పసిగట్టి, నరం దగ్గరే చిన్న కరెంటుతో అణిచేస్తుంది. మత్తు రాదు, మతిమరుపు రాదు. తీస్తే అంతా మామూలే."

నాలుగు నిమిషాలు గడిచాయి. ఓదెలు భుజాలు కిందికి దిగాయి. రెండేళ్ళుగా చెవుల దాకా బిగుసుకుని ఉన్న భుజాలవి. పెట్టె దగ్గరికి తనే నడిచి, లోపల పడుకుని, తలుపు వేయమన్నాడు. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

స్వరూప గోడ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నిరుపమ కూడా అద్దాలు తీసి తుడుచుకుంది. బిళ్ళకు ఆమె పెట్టిన పేరు నిబ్బరం.

*

తర్వాత రెండు నెలలు ఆ ఇంట్లో పండుగలాగే గడిచాయి. ఓదెలు తలుపు వేసుకుని, గొంతెత్తి పాడుకుంటూ స్నానం చేశాడు. ఎనిమిదేళ్ళ కూతురు నిత్యను బండి మీద బడికి దింపి తెచ్చాడు. తర్వాత గనికి పోయి తన పేరు మళ్ళీ రాయించుకున్నాడు. దిగిన మొదటిరోజు పైకి వచ్చి, మసి మొహంతో నవ్వుతూ, "ఏం లేదే స్వరూపా. ఉత్త చీకటే," అన్నాడు.

ఆ నవ్వును స్వరూప ఒక్కతే కాదు, కంపెనీ కూడా చూసింది. వేరేవాళ్ళు వెనకాముందూ ఆడే చోటికి ఓదెలు చేతులూపుకుంటూ పోతున్నాడు. మేనేజర్ భానుమూర్తి నిరుపమను పిలిచి, జబ్బు మనుషులకే ఎందుకు, అందరికీ ఇవ్వవచ్చు కదా అన్నాడు. ఇంకా పరీక్షలు కావాలని ఆమె అంది. ఇవే పరీక్షలనుకోండని అతను అన్నాడు. నెల తిరిగేసరికి ఇరవై ఒకటో లెవల్లో పనిచేసే నలభై మంది చెవుల వెనుక బిళ్ళలు వచ్చాయి. మొగవాళ్ళకు అది సరదాగా ఉంది. ఓదెలు నేస్తం పోశం అయితే భార్యతో పోట్లాట వచ్చినప్పుడు బాగా పనికొస్తుందని అందరినీ నవ్వించేవాడు.

ఒక మధ్యాహ్నం స్వరూప షిఫ్టు దిగి ఇంటికి వస్తోంది. బొగ్గు రైలుకు గేటు వేశారు. గేటుకు ఇవతల ఆమె నిలబడింది. అవతలి నుంచి ఓదెలు బండి వచ్చింది. వెనుక యూనిఫాంలో నిత్య కూర్చుని ఉంది. అతను బండి ఆపలేదు. తల వంచి, గేటు కమ్మీ కింద నుంచి బండిని పట్టాల మీదికి తెచ్చాడు. రైలు కూత పెట్టింది. గేట్‌మన్ చేతులు ఊపుతూ అరిచాడు. బండి రెండో పట్టా మీద ఒక్క క్షణం జారి, నిలదొక్కుకుని ఇవతలికి దూకింది. దాని వెనుకే ఇంజను వచ్చింది. ఆ గాలికి నిత్య జడ రిబ్బను ఊడి ఎగిరిపోయింది.

స్వరూప అక్కడికక్కడే కూలబడింది. ఓదెలు బండి దిగి ఆమె చెయ్యి పట్టి లేపాడు.

"ఏమైంది, ఎండ గొట్టిందా?"

"రైలు సూడలేదా నువ్వు?"

"సూసిన. దూరముండె. ఎన్మిది సెకన్లు పడ్తది, మనకు ఐదు చాలు."

"ఎనక బిడ్డ ఉన్నది."

"ఉన్నది. ఏం కాలేదు గదా." అబద్ధం ఆడడం లేదు, దబాయించడమూ లేదు. ఆమె ఎందుకు వణుకుతోందో అతనికి నిజంగానే అర్థం కాలేదు.

నిత్య ఆ రోజు నుంచి బండెక్కనంది. తండ్రి పిలిస్తే తల్లి వెనుకకు పోయేది. ఓదెలు మోకాళ్ళ మీద కూర్చుని, "ఎందుకేడ్తున్నవ్ బిడ్డా, నేనేం జేసిన?" అని ఎంతో నెమ్మదిగా అడిగేవాడు. అతను అంత నెమ్మదిగా అడిగేకొద్దీ ఆ పిల్ల ఇంకా ఏడ్చేది.

"ఒక్కసారి అది తీసి బిడ్డను సూడు," అంది స్వరూప.

ఓదెలు చెవి వెనుక బిళ్ళను తడుముకున్నాడు. "ఇది తీస్తే నేను మల్ల బండ కిందికే పోత. నువ్వు పదకొండు గంటలు పండి సూడు స్వరూపా. అప్పుడు తియ్యమను, తీస్త."



*

నిరుపమ ప్రయోగశాలలో ఇనుప పెట్టె ఒక మూలకు పోయింది. దాని మీద కాగితాల కట్టలు పేరుకుపోయాయి. స్వరూప చెప్పిందంతా విని ఆమె ఒక నోటుబుక్కు తెరిచింది.

"మీరు మూడోవారు," అంది. "ఒకరి బిడ్డకు జ్వరంతో ఫిట్స్ వస్తే ఆయన అన్నం పూర్తిగా తిని అప్పుడు లేచారట. ఇంకొకరు కరెంటు తీగ తగిలి తమ్ముడు పడిపోతే పక్కన నిలబడి చూశారట. చెడ్డవాళ్ళు కారు. ఇద్దరూ నాకు తెలుసు."

"మరి ఏమైనట్టు మేడమ్?"

"మన ప్రాణం కోసం పడే భయం ఒక దారిలో వస్తుందని, మనవాళ్ళ కోసం పడేది వేరే దారిలో వస్తుందని అనుకున్నాను. రెండూ ఒకటే దారి. నేను ఆ దారి మూసేశాను." నిరుపమ బుక్కు మూసింది. "ఆపేయమని కంపెనీకి రాశాను. జవాబు నిన్న వచ్చింది. ఇక మీద సర్దార్లు కూడా పెట్టుకోవాలట."

స్వరూప చెవి మీది జుట్టు పక్కకు తీసింది. "అయితే ముందు నాకు పెట్టండి. నా లోపల ఏం బోతదో నాకు తెల్వాలె."

గని బయట కొత్త సర్దార్లకు నేర్పడానికి ఉత్తుత్తి సొరంగం ఒకటి ఉంది. దాని కప్పులో కొన్ని బండలను వదులుగా గొలుసులకు వేలాడదీసి ఉంచుతారు. మర్నాడు ఉదయం స్వరూప చెవి వెనుక బిళ్ళతో, చేతిలో కర్రతో అందులోకి పోయింది. బయటికి వచ్చి ఎప్పటిలాగే పుస్తకంలో రాసి సంతకం పెట్టింది. నిరుపమ బిళ్ళ తీసింది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని నీళ్ళు తాగారు. అప్పుడు నిరుపమ పుస్తకం ఆమె ముందుకు తోసింది.

తన చేతిరాతే. ఎక్కడా వంకర లేదు. 'ఆరో అడుగు దగ్గర కప్పు డొల్ల. పదో అడుగు దగ్గర డొల్ల. పని చేసుకోవచ్చు.'

ఆ చివరి మాటను ఆమె మూడుసార్లు చదివింది.

"అన్నీ వినవడ్డయి మేడమ్. ఒక్కటి గూడ తప్పిపోలే. కానీ ఆ బండ ఎవలో ఊరుగాని ఊరోళ్ళ మీద పడ్తదన్నట్టు వినవడ్డది." ఆమె పుస్తకంలో నుంచి ఆ కాగితం చింపి నాలుగు మడతలు పెట్టి జాకెట్టు జేబులో పెట్టుకుంది. "నేను పెట్టుకోను."

అదే మాట భానుమూర్తికీ చెప్పింది. అతను కోప్పడే మనిషి కాదు. లెక్కల మనిషి. "స్వరూపా, నిరుడు మీ సర్దార్లంతా కలిసి నూట పద్నాలుగు సార్లు షిఫ్టు ఆపారు. అందులో నిజంగా కప్పు పడింది రెండు సార్లు. మిగతా నూట పన్నెండు సార్లు ఏమిటది? ఉత్త భయమే కదా."

"ఆ రెండు సార్లు కింద మనుషులు లేరు సార్. మేం భయపడి ఆపితేనే లేరు."

"పెట్టుకోకపోతే నీ సర్దార్ గిరీ ఉండదు."

"ఉండకపోతే పాయె. అప్పటిదాంక నా పుస్తకంల రాయండి, ఈ సర్దార్‌కు భయమున్నదని. కింద నేనే సంతకం పెడ్త."

భానుమూర్తి రాయలేదు. వారం గడువిచ్చాడు.

*

ఆ వారంలోనే, గురువారం మొదటి షిఫ్టు. ఇరవై ఒకటో లెవల్ చివర ఎనిమిది మంది కప్పుకు బోల్టులు బిగిస్తున్నారు. ఎనిమిది మందికీ బిళ్ళలు ఉన్నాయి. వాళ్ళలో ఓదెలు ఉన్నాడు, పోశం ఉన్నాడు. పొద్దున స్వరూప తట్టినప్పుడు కప్పు ఖంగుమంది. పదిన్నరకు రెండోసారి వచ్చేసరికి గాలిలో ఏదో తేడా ఉంది. దీపం వెలుగులో దుమ్ము సన్నగా, జల్లెడ పట్టినట్టు రాలుతోంది. కొత్తగా బిగించిన బోల్టు పలక ఒకటి కళ్ళ ముందే వంగింది. ఆమె కర్రతో తట్టింది. డొల్ల. రెండడుగులు జరిగి తట్టింది. డొల్ల. లోపలెక్కడో కర్ర విరిగినట్టు చిన్న చప్పుడు.

ఆమె ఈల వేసింది. "అందరు బయటికి. పనిముట్లు ఆడనే ఇడ్శిపెట్టుండ్రి."

ఎవరూ కదల్లేదు. పోశం తల తిప్పి చూశాడు. "సర్దారక్కా, ఇంక రెండే బోల్టులు. అయిపోగొట్టుకోని వస్తం."

"రెండు లేవు, ఒకటి లేదు. కప్పు పలుకుతాంది, వినవడ్తలేదా?"

"వినవడ్తాంది," అన్నాడు ఓదెలు. డ్రిల్లు ఆపకుండానే పైకి చూసి, సరుకు నాణ్యం చూసినట్టు చూసి, "పడితే ఆ మూల పడ్తది. టైమున్నది," అన్నాడు.

ఆమె అరిచింది, చట్టం చెప్పింది, పేరుపేరునా తిట్టింది. వాళ్ళు మర్యాదగా విన్నారు. ఒకడు వస్తున్నామన్నాడు. ఇంకొకడు పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. ఎనిమిది మంది మొహాల్లోనూ ఒకటే ప్రశాంతత. ఇక ఏం చేయాలో తోచక, వంగిన పలక కింద, సరిగ్గా దుమ్ము రాలే చోట ఆమె కూర్చుంది. "మీరు పోయేదాంక నేను లేవ," అంది మొగుడి మొహం చూస్తూ.

ఓదెలు ఒకసారి ఆమెను చూశాడు. ఒకసారి కప్పును చూశాడు. "సరే, కూసో," అని మళ్ళీ డ్రిల్లు అందుకున్నాడు.

పదమూడేళ్ళ సంసారంలో అతను ఆమెను కొట్టలేదు, ఒక కటువైన మాట అనలేదు. ఆ రెండు మాటలు తగిలినంతగా ఏ దెబ్బా తగిలేది కాదు. ఆమె లేచింది. రెండంగల్లో అతని దగ్గరికి పోయి, తలను చేత్తో వంచి, చెవి వెనుక గోరు దూర్చి బిళ్ళను పీకేసింది.

డ్రిల్లు కింద పడింది. ఓదెలు కళ్ళు పెద్దవయ్యాయి. ప్యాంటు తడిసింది. పదకొండు గంటలూ, ఆ తర్వాత రెండేళ్ళూ, పట్టాల మీద తను బిడ్డను తీసుకుపోయిన మధ్యాహ్నమూ అన్నీ ఒక్కసారే అతని మీద పడ్డాయి. అతను రెండు చేతులతో, కప్పుకు ఆనించిన దిమ్మెను కరుచుకున్నాడు.

స్వరూప అనుకున్నది వేరు. ఇతను బిగుసుకుపోతాడు, భుజాన వేసుకుని ఈడ్వాలి, మిగతా వాళ్ళను దేవుడికి వదిలేయాలి అనుకుంది. కానీ ఓదెలు కళ్ళు ఆమె మీద నిలిచాయి. ఆమె నిలబడ్డ చోటు మీద, ఆ పైన వంగిన పలక మీద నిలిచాయి. అతని గొంతులో నుంచి పశువు అరిచినట్టు ఒక అరుపు వచ్చింది. దిమ్మెను వదిలాడు. స్వరూపను భుజంతో వెనక్కి తోశాడు. తర్వాత పక్కవాడి మీద పడి చెవి వెనుక బిళ్ళ పీకాడు. ఆ పక్కవాణ్ణి పట్టుకున్నాడు. చేతులు ఎంత వణికినా వేళ్ళు తప్పలేదు. ఇద్దరు అతన్ని మోచేతులతో కొట్టారు. పెదవి చిట్లింది. అయినా వదల్లేదు. బిళ్ళ ఊడిన ప్రతివాడూ ఒక్క క్షణం నిలబడి, పైకి చూసి, పరుగందుకున్నాడు.

చివర పోశం మిగిలాడు. బిళ్ళ పీకే వ్యవధి లేక ఓదెలు అతని చెయ్యి పట్టుకుని గుంజుకొచ్చాడు. ముప్పై అడుగులు, నలభై అడుగులు వచ్చారు. మూల తిరిగే చోట పోశం చెయ్యి విదిలించుకున్నాడు.

"నా అన్నం డబ్బ మర్శిన," అని చెప్పి, వెనక్కి తిరిగి, ఇంటి వాకిట్లో నడిచినట్టు నడుచుకుంటూ పోయాడు.

ఓదెలు అతని వెనుక రెండడుగులు వేశాడు. అప్పుడు కప్పు దిగింది.

*

పోశాన్ని తీయడానికి రెండు రోజులు పట్టింది. బిళ్ళ అతని చెవి వెనుక అలాగే ఉంది, పనిచేస్తూనే ఉంది. ఆ సంగతి నిరుపమ తన నోటుబుక్కులో రాసుకుంది.

కంపెనీ నోటీసు మూడో రోజు గేటుకు అతికించారు. సర్దార్ స్వరూప రక్షణ పరికరాలను బలవంతంగా తొలగించి, కార్మికులను భయభ్రాంతులకు గురిచేసినందువల్ల తొక్కిసలాట జరిగిందని, ఆమెను సస్పెండ్ చేశామని అందులో ఉంది. దాని కిందే ఇంకో కాగితం ఉంది. ఇక మీద గనిలో దిగే ప్రతివాడికీ బిళ్ళను, ఎవరూ ఊడబెరకకుండా, చర్మం కిందే పెడతారట. ఆ పని నిరుపమనే చేయమన్నారు. ఆమె చేయనంది. కంపెనీ పట్నం నుంచి వేరే డాక్టర్‌ను పిలిపించింది. నిరుపమ తన నోటుబుక్కులన్నీ గనుల తనిఖీ అధికారికి పంపి, ప్రయోగశాల తాళం భానుమూర్తి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఇంట్లో ఓదెలు మంచం మీద ముడుచుకుని కూర్చునేవాడు. తలుపులన్నీ బార్లా తెరిచే ఉండాలి. బిళ్ళ పెట్టకముందటి మనిషే మళ్ళీ వచ్చాడు, ఇంకొంచెం నలిగి వచ్చాడు. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చిన నిత్య గుమ్మంలో నిలబడి అతన్ని చూస్తోంది. అతను చెయ్యి చాపబోయి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"ఆ రైలు," అన్నాడు. "ఆ రైలు కింద పడితే ఏమైపోదువు బిడ్డా? నేనేం జేద్దు?" అని మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

నిత్య సంచి కింద పెట్టింది. నెమ్మదిగా వచ్చి అతని మోకాలి మీద చెయ్యి వేసింది. తర్వాత ఎక్కి ఒళ్ళో కూర్చుంది.

పదకొండో రోజు పొద్దున గని గేటు ముందు కంపెనీ వ్యాను ఆగింది. అందులో కొత్త డాక్టర్, కత్తెర్లు, మందు దూది. షిఫ్టు మనుషులు వరసలో నిలబడ్డారు. ముందు హాజరు, తర్వాత వ్యాను, ఆ తర్వాత గని. స్వరూపకు లోపలికి రావడానికి వీల్లేదు కాబట్టి గేటు బయట, రోడ్డు మీద నిరుపమ పక్కన నిలబడింది. ఓదెలు వరసలో ముందు ఉన్నాడు. పొద్దున్నే లేచి స్నానం చేసి, తలుపు తీసిపెట్టుకునే, బట్టలు వేసుకుని వచ్చాడు. అతను రాడని ఆమె అనుకుంది.

హాజరు గుమస్తా పేరు పిలిచాడు. ఓదెలు చేతులు ముందుకు చాపాడు. అవి గాలికి ఊగే రేకుల్లా కొట్టుకుంటున్నాయి.

"నేను దిగ," అన్నాడు.

"కారణం?"

"భయమైతాంది."

గుమస్తా కలం ఆగింది. భానుమూర్తి దగ్గరికి వచ్చాడు. "ఓదెలూ, నీకు ఆరోగ్యం బాగాలేదు. వ్యానెక్కు. పది నిమిషాల్లో కుదుటపడతావు."

"కుదుటపడొద్దు సార్. ఇవి వణుకుతున్నయని నాకు తెలుస్తాంది. పోశంకు తెల్వలే." ఓదెలు గుమస్తా వైపు తిరిగాడు. "రాయండి. ఓదెలు వచ్చిండు, కప్పు బాగలేదని భయపడ్డడు, దిగనన్నడు. గట్లనే రాయండి."

తర్వాత పేరు బక్కయ్యది. ఆరడుగుల మనిషి, ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆ మాట జన్మలో అని ఎరగడు. మీసం తుడుచుకున్నాడు. చివరికి నేల చూస్తూ, "నాక్కూడ," అన్నాడు.

"నీక్కూడా ఏమిటి?" అన్నాడు భానుమూర్తి.

బక్కయ్య తలెత్తాడు. "భయమైతాంది."

మూడోవాడు వెంటనే అన్నాడు. నాలుగోవాడు తన పేరు పిలవకముందే అన్నాడు. అప్పటికే బిళ్ళ ఉన్నవాళ్ళు కొందరు దాన్ని పీకి, గుమస్తా బల్ల మీద పెట్టి, ఒంట్లోకి వణుకు వచ్చేదాకా ఆగి, అప్పుడు అన్నారు. గని మనుషులు ఇంట్లో పెళ్ళాంతో కూడా అనుకోని మాట అది. ఎండలో, నలుగురి ముందు, నూట ముప్పై ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు అన్నారు. గుమస్తా ఒక్కొక్కటే రాశాడు.

భానుమూర్తి గేటు దాకా వచ్చాడు. "నువ్వే నేర్పావా వీళ్ళకు?"

"అమ్మ కడుపులకెళ్ళి తెచ్చుకున్నది నేనేం నేర్పుత సార్," అంది స్వరూప. "మీరు తీసుకున్నరు. వాళ్ళు మల్ల తీసుకుంటున్నరు."

ఆ రోజు ఏడో గనిలోకి మనిషి దిగలేదు. మర్నాడూ దిగలేదు. తొమ్మిదో రోజు గనుల తనిఖీ అధికారి వచ్చింది. ఆమె నడివయసు మనిషని, మాట తక్కువని ఊళ్ళో చెప్పుకున్నారు. కంపెనీ గెస్ట్‌హౌస్‌లో కాకుండా బడి గదిలో విచారణ పెట్టింది. నిరుపమ తన ప్రయోగం తప్పిందని మొదటి వాక్యంలోనే చెప్పింది. ఇక తనకు ఏ కంపెనీలోనూ చోటు దొరకకపోవచ్చని ఆమెకు తెలుసు. స్వరూప తన చేతిరాతతో ఉన్న కాగితం మడతలు విప్పి బల్ల మీద పెట్టింది. అధికారి దాన్ని చదివి, అద్దాలు పైకి జరుపుకుని, ఇంకోసారి చదివింది.

చివరి సాక్షి ఓదెలు. కూర్చోమంటే కూర్చోలేదు. కిటికీ పక్కనే నిలబడ్డాడు. చెప్పడానికి గంట పట్టింది. మధ్యలో మూడుసార్లు బయటికి పోయి గాలి పీల్చుకుని వచ్చాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఈ బిళ్ళల మీద నేను నిర్ణయం రాయాలి," అంది అధికారి. "అందరికన్నా ఎక్కువ మేలు పొందింది మీరే. నిద్ర వచ్చింది, పని వచ్చింది. మళ్ళీ పెట్టుకోమంటే పెట్టుకుంటారా?"

ఓదెలు కిటికీలో నుంచి బయటికి చూశాడు. బయట మైదానంలో పిల్లలు అన్నాల గంటకు పరుగెత్తుతున్నారు.

"అబద్ధమెందుకు మేడమ్. పెట్టుకోవాలనిపిస్తది. రోజూ అనిపిస్తది. పొద్దున కూడా అనిపించింది." అతను వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. "కానీ పెట్టుకోను. నా బిడ్డ రోడ్డు దాటుతాంటే నా పానం కొట్టుకోవాలె. అది నాది. ఎవలకియ్య."